గబ్బిలాలకు గాలి చదివింపు

సోమవారం

శనివారం ఆడాల్సిన మ్యాచ్ ఫలితం ఈ ఉదయమే వచ్చేసింది. ఓడిపోయాం.

మూడో మడి మీద నీళ్లు చిలకరిస్తుంటే గల్లీ మైకులో చెప్పారు. "శనివారం సాయంత్రం మన హాలులో గబ్బిలాలకూ బెజవాడ పిడుగులకూ మ్యాచ్. జోస్యం ప్రకారం పిడుగులు గెలిచారు. కనుక మ్యాచ్ ఉండదు." ఆ వెంటనే పాల రేషను ఎప్పుడిస్తారో చెప్పారు. రెండూ ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో.

ఈ చిట్టాలో నేను రాయాల్సింది పుట్టగొడుగుల సంగతి. మడికి ఎంత తేమ ఉంది, ఎంత గాలి తగిలింది, ఎన్ని తట్టలు దిగాయి. సహకార సంఘం వాళ్లు అప్పుడప్పుడూ వచ్చి తిరగేసి పోతారు. ఇవాళ్టి నుంచి ఆట సంగతి కూడా ఇందులోనే రాస్తాను. ఎవరైనా అడిగితే ఇదీ గాలి సంగతే అంటాను.

పొద్దున పైనుంచి గడ్డి దిగింది. సూర్యుడు రాకముందే కోసి దించినా ఇంకా వేడిగానే ఉంది, చేత్తో పట్టుకోలేకపోయాను. పైన ఎండ అలా ఉంది ఈ ఏడు. మా తాతలు ఈ సొరంగాల్లోకి బొగ్గు తవ్వడానికి దిగేవాళ్లు, షిఫ్టు అయ్యాక పైకి పోయేవాళ్లు. మేం ఇక్కడే పుట్టాం. వాళ్ల కాలంలో అందరికీ క్రికెట్ పిచ్చి ఉండేదట. అంత మైదానం మాకెక్కడిది? బొగ్గు తీసేసిన గుహల్లో పెద్దదాన్ని చదును చేసి, రెండు చివర్లా రింగులు బిగించారు. అప్పటినుంచీ మాది బాస్కెట్‌బాల్ ఊరు. మా జట్టు పేరు గబ్బిలాలు. అందరూ ఆడవాళ్లే.

ఈ సీజనులో గబ్బిలాలు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అది నాకు కొత్త కాదు. ఉత్తరం గోడ పక్కన రాతిమెట్టు మీద వీపు చల్లగా ఆనించి, ఉడకబెట్టిన గుడాలు తింటూ, రిఫరీని తిడుతూ, మావాళ్లు ఓడిపోవడం చూడటం నాకు అలవాటే. వారమంతా తడి గడ్డి వాసనలో బతికే మనిషిని. శనివారం సాయంత్రం ఆట ఒక్కటే నాకు షికారు. కానీ ఓడిపోవడం కూడా చూడనివ్వకపోవడం మాత్రం ఈ మధ్యే మొదలైంది.

లీగు వాళ్ల యంత్రానికి ఏదో పెద్ద పేరుంది. మేం జోస్యం అంటాం. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరు ఎంత నిద్రపోయారు, పాత ఆటల్లో ఏం చేశారు, అన్నీ దానికి తెలుసు. ఎవరు గెలుస్తారో అది గట్టిగా చెప్పగలిగితే ఆ మ్యాచ్ ఆడించరు. హాలుకు పట్టే గాలి, కరెంటు మిగులుతాయి. మిగిలిన గాలి ఆసుపత్రికి పోతుందంటే మొదట్లో నేనూ సరేనన్నాను. తర్వాత ఆసుపత్రికి సొంత గాలిబావి తవ్వారు. ఆ నియమం మాత్రం పోలేదు.

ఆడకుండా ఓడిపోయినవాటిలో ఇది వరసగా ఐదో మ్యాచ్.

మా ఆయన రాజలింగు సొరంగం రైలు నడుపుతాడు. రెండో షిఫ్టుకు పోతూ సద్ది కట్టించుకుంటూ అన్నాడు, "పోనీయే భాగ్యా. ఓడేటోళ్ల ఆటకు పోయి ఏం జేస్తవ్? తిట్టుకుంట ఇంటికొస్తవ్."

"తిట్టుకుంట వచ్చుడు గూడ నాకు ఇష్టమే," అన్నాను.

మంగళవారం

ఒకటో మడిలో మొగ్గలు కనబడ్డాయి. శనివారానికి కోతకు వస్తాయి.

తట్ట నెత్తిన పెట్టుకుని బజారుకు పోతుంటే హాలు తలుపు మీద నోటీసు. వరసగా ఐదు మ్యాచ్‌లు జరగని హాలు వాడకంలో లేనట్టు లెక్క అట. ఆదివారం నుంచి దాన్ని నీళ్ల ట్యాంకుగా మారుస్తారట. హాలు లేని జట్టు ఉండదు కాబట్టి గబ్బిలాలు రద్దు.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఒక్కటే దీపం. కెప్టెన్ దుర్గం సునంద ఒంటరిగా బాల్ వేస్తోంది. ఆమెకు ముప్పై దాటాయి. రెండు మోకాళ్లకూ పట్టీలుంటాయి. బాల్ వేయడం, తనే పోయి తెచ్చుకోవడం, మళ్లీ వేయడం. నేను తట్ట దించి, రింగు కింద నిలబడి బాల్ అందించాను. 

"చూసినవా అక్కా నోటీసు?" అంది.

"చూసిన."

"మేం ఓడిపోతం కావచ్చు. పిడుగులు మాకంటె మస్తు ఆడ్తరు, నాకు ఎరుకనే. గని ఓడిపోనియ్యుర్రి మమ్ముల! ఆడి ఓడుతె ఏడ తప్పు జేసిన్నో తెలుస్తది. గిట్ల మైకుల చెప్తె ఏం తెలుస్తది? ఇంట్ల కూసున్న. అన్నం తింటున్న. ఓడిపోయిన్నట!"

బాల్ నేలకేసి కొట్టింది. గుహంతా మోగింది.

"శనివారం ఆడుదాం," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"ఎట్ల ఆడుతమక్కా? తలుపులు పెట్టి హాలుకు గాలి బంద్ జేస్తరు."

"గాలి సంగతి నేను చూస్త. నువ్వు పిడుగుల సంగతి చూడు."

తట్టలో సగం అమ్ముడుపోలేదు. బేరం చేయడానికి నాకు ఓపిక లేకపోయింది.

బుధవారం

గాలి ఆఫీసుకు పోయాను. తోడుగా మొగిలయ్య మామ వచ్చాడు. రైలు మరమ్మతు షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. మ్యాచ్‌లలో డప్పు కొట్టేది ఆయనే. గబ్బిలాలు ఎంత ఘోరంగా ఓడుతుంటే అంత గట్టిగా కొడతాడు.

ఆఫీసరు వేణుమాధవ్ మమ్మల్ని కూర్చోబెట్టాడు. మంచి మనిషే. "ఆట వద్దని ఎవరన్నరమ్మా? గాలి లేదంటున్న. ఆ గుహల మనుషులు నిండితె కొద్దిసేపట్లనే కండ్లు తిరిగి పడిపోతరు. రేపు ఎవరికన్న ఏమన్న అయితె ఎవరు జవాబు చెప్పాలె?" అన్నాడు.  లేచి వచ్చేశాం.

మధ్యాహ్నం ఐదో గల్లీలో పెళ్లి. మడుల దగ్గర నాతో పనిచేసే పిల్లది. భోజనాలయ్యాక చదివింపులు మొదలుపెట్టారు. మా దగ్గర డబ్బులు కాదు, ఎవరింటి గాలి వాళ్లు పెళ్లింటికి మళ్లిస్తారు. పిల్ల మేనమామ నిలబడి గట్టిగా చదువుతున్నాడు: "జంగిలి వెంకటస్వామి ఇంటి గాలి, సాయంత్రం దాకా! గోలి సాయమ్మ ఇంటి గాలి, సాయంత్రం దాకా!" చదివిన ప్రతిసారీ మండపం మీది గొట్టంలో గాలి కొంచెం కొంచెంగా పెరుగుతోంది. పెళ్లికూతురి పైట కొస రెపరెపలాడింది.

నేను మొగిలయ్య మామ మోచేయి పట్టుకున్నాను. "మామా! మనమంత హాలుల ఉంటె ఇండ్లల్ల ఎవరుంటరు?"

"ఎవరుంటరు? ఎవరుండరు."

"ఎవరు లేని ఇంటికి గాలెందుకు?"

ఆయన నోట్లో లడ్డూ అలాగే ఉండిపోయింది.

పెళ్లి బట్టల్లోనే మళ్లీ ఆఫీసుకు పోయాం. వేణుమాధవ్ నియమాల పుస్తకం తిరగేసి చెప్పాడు. చదివింపు ఎవరైనా ఎవరికైనా ఇవ్వొచ్చు, దాన్ని ఆపే నియమం లేదు. కాకపోతే ఇచ్చిన ఇల్లు సాయంత్రం షిఫ్టు సైరన్ మోగే సరికి ఖాళీ అయిపోవాలి. లోపల ముసలివాళ్లూ పసిపిల్లలూ ఒక్కరు కూడా మిగలకూడదు. తలుపు మూసి గొట్టం మూత తిప్పాలి.

"కారణం చెప్పాలె గదా," అన్నాడు. "పెండ్లికి ఇస్తరు, చావుకు ఇస్తరు, పిల్లకు పేరు పెడితె ఇస్తరు. ఇదేంది మరి, పెండ్లా, చావా?"

"ఏదైతదో శనివారం తెలుస్తది, రాయి సారూ," అన్నాడు మొగిలయ్య మామ.

వేణుమాధవ్ నవ్వు ఆపుకుంటూ శుభకార్యమని రాశాడు. "ఓడిపోయే ఆట శుభకార్యమా అమ్మా?" అని నన్ను అడిగాడు.

"మాకు శుభమే సార్."

గురువారం

రెండో మడికి పొద్దున నీళ్లు పెట్టడం మరిచిపోయాను. మధ్యాహ్నం పెట్టాను. తప్పు నాదే.

రోజంతా ఇళ్ల చుట్టూ తిరిగాను. ఆట చూసేవాళ్లను ఒప్పించడం ఎంతసేపు? మిగతావాళ్ల దగ్గరే ఇబ్బంది. బాలింత ఒకామె చంటిబిడ్డను ఆ గోలలోకి తేనంది. అయితే హాలు వెనక దుకాణం గదిలో పడుకోబెట్టుకొమ్మని సునంద చెప్పించింది, ఆ గదికీ గాలి వస్తుంది. అప్పుడు ఒప్పుకుంది.

లచ్చయ్య అనే ఆయన తలుపు సగమే తీశాడు. "ఈ ఏడంత ఒక్కటి గెలువలే. ఓడేటోళ్లకు నా ఇంటి గాలా? సిగ్గు లేదా అమ్మా అడుగనీకి?"

"సిగ్గెందుకన్నా? నేనేం దొంగతనం అడుగుతలేను."

తలుపు వేసేసుకున్నాడు. నేను పక్కింటి తలుపు కొట్టాను.

సాయంత్రం సునంద హాలు మెట్ల మీద కూర్చుని, పిడుగుల కెప్టెన్ ఇందుప్రియకు ఫోను కలిపింది. మేమంతా వినేలా పెట్టింది.

"మీరు గెలిచిండ్రని మైకుల చెప్పిండ్రు," అంది సునంద. "ఎట్ల గెలిచిండ్రో మీకు తెల్సా?"

 అటువైపు ఇందుప్రియ నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "మేం నెల్లాళ్ల నుంచీ గెలుస్తూనే ఉన్నామండీ. రైలెక్కకుండానే గెలుస్తున్నాం. మా అమ్మాయిలకి ఒంటికి చెమట పట్టి ఎన్నాళ్లయ్యిందో. మొన్న కప్పు కూడా ఇంటికే పంపించారు. అట్టపెట్టెలో!"

"వస్తరా మరి? ఇది లెక్కల రాదు. మీరు గెలిచినా కొత్తగ వచ్చేదేం లేదు."

"వస్తామండీ. కానీ ఒక్క మాట. మేం మెల్లగా ఆడం. జాలిపడి ఆడటం మాకు చేతకాదు."

సునంద మొహం వెలిగిపోయింది. "నువ్వు జాలిపడితె నీ కాళ్లు ఇరుగగొడ్త," అంది. అటువైపు ఈసారి నిజంగా నవ్వారు.

శుక్రవారం

గాలి చాలలేదు.

మధ్యాహ్నం మొగిలయ్య మామ, నేను ఆఫీసులో కూర్చున్నాం. వచ్చిన చదివింపులన్నీ వేణుమాధవ్ కూడి చూపించాడు. మా గల్లీ దాదాపు అంతా ఇచ్చింది. ఐదో గల్లీలో పెళ్లివారు కూడా ఇచ్చారు, కొత్త దంపతుల గదితో సహా. అయినా ఆట మొత్తానికి కాస్త తక్కువే. మూడు క్వార్టర్లకు వస్తుంది, నాలుగోదానికి రాదు.

ఇంటికి వచ్చేసరికి రాజలింగు పడుకునే ఉన్నాడు. శనివారం పొద్దుటి షిఫ్టు అయ్యాక సాయంత్రం ఇంట్లో నిద్రపోవాలి ఆయన. మా ఇంటి చదివింపు ఆయన కోసమే ఆగింది. ఎలా అడగాలా అని గిన్నెలు కాస్త గట్టిగా సర్దుతున్నాను.

"అడుగరాదు? గిన్నెల మీద కోపమెందుకు?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"రేపు సాయంత్రం ఇల్లు ఖాళీ జెయ్యాలె."

"రైల్లనే పండుకుంట తీయ్. ఆట మాత్రం సూడ."

అంతటితో మా ఇల్లు తేలింది. అయినా లోటు తీరలేదు. నేను మడుల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. పైన గొట్టం సన్నగా ఊదుతోంది. పుట్టగొడుగులకు తేమ ఎంత అవసరమో గాలి అంత అవసరం. గాలి ఆగితే అవి గొడుగు విప్పవు. చీకట్లో దారి వెతుక్కున్నట్టు కాడలు పొడుగ్గా సాగిపోతాయి. అలాంటివి సంఘం వాళ్లు తీసుకోరు. ఒకటో మడి రేపు రాత్రికి గానీ కోతకు రాదు. వారమంతా పెంచిన పంట.

మడుల గాలి ఇంటి గాలికంటే ఎక్కువ. లోటుకు సరిపోతుంది.

కాసేపు ఆ మొగ్గలను చూశాను. లేచి ఆఫీసుకు పోయి, మడుల గాలి కూడా చదివింపులో రాయమన్నాను. వేణుమాధవ్ నా మొహంలోకి చూశాడు.  రాశాడు.

సంఘం వాళ్లు ఈ పేజీ చదివితే చదవనీ. పంట నేను మరిచిపోయి పోగొట్టలేదు. తెలిసే ఇచ్చాను.

ఆదివారం, మధ్యాహ్నం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, చప్పట్లు కొట్టీ కొట్టీ.

సాయంత్రం సైరన్‌కు ముందే అందరూ బయలుదేరారు. నేను పెళ్లికి కట్టిన ఆకుపచ్చ చీరే కట్టాను. డబ్బాలో అలసంద గుడాలు, సకినాలు. తలుపు వేసి, గొట్టం మూత తిప్పాను. ఎప్పుడూ ఊదే గాలి ఆగిపోయింది. పక్కింట్లో ఆగింది. ఎదురింట్లో ఆగింది. పుట్టినప్పటినుంచీ చెవుల్లో ఉన్న చప్పుడు అది. ఒక్కొక్కటే ఆగిపోతుంటే గల్లీ అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత హాలు వైపుకు చల్లగా గాలి వీచడం మొదలైంది. మా ఇళ్ల గాలంతా అక్కడికే పోతోంది. మేం దాని వెంట నడిచాం. ముసలమ్మలను కుర్చీల్లో మోశారు. ఎవరో మంచం కూడా తెచ్చారు.

పిడుగులు దిగింది రాజలింగు పడుకున్న రైల్లోనే. ఇందుప్రియ మనిషి ఎంత పొడుగంటే హాలు తలుపు దగ్గర తల వంచాల్సి వచ్చింది. లోపలికి వచ్చి జనాన్ని చూసి ఆగిపోయింది. "వీళ్లంతా ఓడిపోయే మ్యాచ్ కోసమా?" అంది.

"అవును. కూసొనీకి జాగ లేదు, చూసుకొని ఆడుర్రి," అన్నాడు మొగిలయ్య మామ, డప్పు కాచుకుంటూ.

మొదటి క్వార్టర్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వాళ్లు ఇరవై ఒకటి, మేం నాలుగు. అన్న మాట ప్రకారం వాళ్లు జాలిపడలేదు. మావాళ్ల చేతుల్లో బాల్ సబ్బులా జారింది. సునంద రెండుసార్లు కింద పడింది. నేను రిఫరీని మా అమ్మ నేర్పిన తిట్లన్నీ తిట్టాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పక్కన ఎవరో నాకంటే గట్టిగా అరుస్తున్నారు. చూస్తే లచ్చయ్య! గాలి ఇవ్వనన్నవాడు ఆటకు మాత్రం వచ్చాడు.

అతనొక్కడే కాదు. ఆరో గల్లీ, ఎనిమిదో గల్లీ, చదివింపు ఇవ్వని ఎంతోమంది తలుపు దగ్గర నిలబడి, తర్వాత మెట్ల మీదికి జరిగి, చివరికి గీత అంచుదాకా వచ్చి కూర్చున్నారు. పొమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. మూడో క్వార్టర్ చివర్లో హాలు మధ్యన వేలాడే గాలిదీపం ఆకుపచ్చ నుంచి పసుపుకు మారింది. ఎరుపైతే ఎవరూ చెప్పకుండానే బయటికి పరుగెత్తాలి. దాంట్లో వాదన లేదు. పసిపిల్లలు కూడా నేర్చుకునే సంగతి అది.

స్కోరు వాళ్లది యాభై ఎనిమిది. మాది ముప్పై ఒకటి.

వేణుమాధవ్ మైదానం మధ్యలోకి వచ్చాడు. చొక్కా అంతా తడిసిపోయింది. "ఇంతమందికి నేను లెక్క కట్టలే," అన్నాడు. "ఆపాల్సిందేనమ్మా."

ఎవరో "ఆపం!" అని అరిచారు. వందల గొంతులు అదే అరిచాయి. దీపం ఇంకా ముదిరింది.

"అగో, ఆ అరుపులే!" అన్నాడు ఆయన. "అరిస్తె రెట్టింపు గాలి కావాలె మనిషికి. మీరు అరువకుంట, లేవకుంట, మెల్లగ ఊపిరి తీసుకుంట కూసుంటరా? అట్లయితె ఎరుపు కాకుండ ఆగొచ్చు. ఆగకుంటె నేనే అందరి కంటె ముందు తలుపులు తెరుస్త."

మొగిలయ్య మామ అందరికంటే ముందు చేసిన పని, డప్పు భుజం మీంచి తీసి నేల మీద బోర్లించడం. ఆ డప్పు మ్యాచ్ మధ్యలో కింద పెట్టడం నేనెన్నడూ చూడలేదు. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కళ్లు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. లచ్చయ్య నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు.

నాలుగో క్వార్టర్ అంతా అలాగే చూశాం.

అంత మంది ఉన్న చోట అంత నిశ్శబ్దం నేనెక్కడా ఎరగను. బాల్ నేలకు తగిలిన చప్పుడు. బూట్లు కీచుమన్న చప్పుడు. ఆడేవాళ్ల ఊపిరి. సునంద మెల్లగా "ఎడమకు" అంటే చివరి మెట్టు మీద కూడా వినిపించింది. మరి ఆమె జట్టుకు వినపడదా? ఏడాదంతా మేం అరిచే అరుపుల్లో, డప్పుల్లో, వాళ్లకు ఒకరి మాట ఒకరికి వినిపించిందో లేదో. నిన్న వినిపించింది. బాల్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి చూడకుండానే పోయింది. రెండు పాయింట్లు. మళ్లీ రెండు. ఇందుప్రియ మొహంలో నవ్వు పోయి పని కనబడింది. ఆమె ఒకటి వేసింది, మావాళ్లు రెండు వేశారు. పళ్లు బిగబట్టి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, నేను నా మోకాళ్లను గిల్లుకున్నాను. నా ముందున్న ముసలమ్మ శబ్దం లేకుండా ఏడుస్తోంది.

దీపం పసుపులోనే ఉంది. ఎరుపు కాలేదు.

చివర్లో సునందకు బాల్ ఉత్తరం మూలలో దొరికింది. అక్కడ రాతి కప్పు బాగా కిందికి దిగి ఉంటుంది. పైకెత్తి వేస్తే కప్పుకు తగులుతుంది. అందుకే అక్కడినుంచి ఎవరూ వేయరు. ఇందుప్రియ రెండు చేతులూ చాపి గోడలా నిలబడింది. సునంద వంగి, ఆమె చంక పక్కనుంచి విసిరింది. బాల్ వంపు లేకుండా సూటిగా పోయింది. కప్పు రాయి మీద దుమ్ము రాల్చుకుంటూ పోయి రింగులో పడింది.

గంట మోగింది. ఇక ఎవరు ఆగుతారు? వారం రోజుల ఊపిరంతా ఒక్కసారి బయటికొచ్చింది. కొండ కూలినట్టు అరిచాం. వేణుమాధవ్ పరుగున పోయి తలుపులు బార్లా తీయించాడు. ఆయన కూడా అరుస్తూనే తీయించాడు, నేను చూశాను.

డెబ్బై, యాభై రెండు. ఓడిపోయాం. కానీ ఆ చివరి క్వార్టర్ మేం గెలిచాం. కావాలంటే ఎవరైనా కూడి చూసుకోవచ్చు.

జనం కదులుతుంటే వేణుమాధవ్ నా పక్కకు వచ్చాడు. "జోస్యం చెప్పినట్టే అయింది గదమ్మా," అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

"అయింది సార్. ఆడినంక కావాలనే మా కొట్లాట. చెప్పుడు వేరు, అవుడు వేరు."

ఇందుప్రియ సునంద మోకాలి పట్టీ విప్పి మంచుగడ్డ పెడుతోంది. "ఆ మూల నుంచి మళ్లీ వెయ్యి చూద్దాం," అంటోంది. "రేపు వెయ్యి. ఈసారి ఆపుతా."

"రేపు హాలు ఉంటే గదా," అంది సునంద.

పొద్దున ట్యాంకు పనివాళ్లు వచ్చారు. మేస్త్రీ చేతిలో ఉత్తర్వు, వెంట వేణుమాధవ్. అప్పటికే రెండు జట్లూ హాలులో ఉన్నాయి. పిడుగులకు రాత్రి రైలు తప్పింది, తలో ఇంట్లో పడుకున్నారు. మేం మెట్ల మీద కూర్చున్నాం. ఎవరం లేవలేదు.

"వాడకంలో లేని హాలని రాసి ఉన్నదమ్మా," అన్నాడు మేస్త్రీ ఇబ్బందిగా. "నాదేం లేదు ఇందుల."

సునంద కుంటుతూ వచ్చి అతని ముందు నిలబడింది. "చూడు అన్నా. చెమట ఆరలే ఇంక. నేల మీద కాలు పెట్టు, జారుతది. ఇది వాడకం కాదా?"

మేస్త్రీ వేణుమాధవ్ వైపు తిరిగాడు. అందరం ఆయన వైపే చూశాం. ఆయన వంగి నేల మీది చెమట వేలితో తాకి చూశాడు. ఉద్యోగం ఉన్న మనిషి. "నిన్న సాయంత్రం ఈ హాలు గాలి వాడింది," అన్నాడు. "నేనే ఇచ్చిన. ఇందుల మ్యాచ్ అయింది, నేనే చూసిన. వాడకంలో ఉన్న హాలును ముట్టనీకి మీకు లేదు. ఉత్తర్వు వాపస్ తీస్కపోండి. పైకి నేను జవాబు చెప్తా."

లీగు ఆఫీసు నుంచి ఇందుప్రియకు ఫోను వచ్చింది. ఏమన్నారో మాకు వినపడలేదు. ఆమె అన్నది మాత్రం విన్నాం. "లేదండీ, సోమవారం మీరిచ్చిన గెలుపు మాకొద్దు. వెనక్కి తీసుకోండి. మేం శనివారం ఒకటి గెలుచుకున్నాం. అది చాలు మాకు."

మడులు చూశాను. అనుకున్నదే అయింది. కాడలు వేలెడు పొడుగు సాగాయి, గొడుగులు బొత్తాలంత. అమ్మడానికి పనికిరావు. కోసి, ఉల్లిగడ్డ, కారం వేసి పెద్ద గిన్నెడు కూర చేసి, రెండు జట్లకూ పెట్టాను. రుచికేం తక్కువ లేదు.

ఆదివారం, సాయంత్రం

లీగు నుంచి మైకులో హెచ్చరిక వచ్చింది. జోస్యం తేల్చిన మ్యాచ్‌లు ఆడితే ఆటగాళ్ల మీద, ఆడించిన వాళ్ల మీద చర్య తీసుకుంటారట. సునంద హాలులో ఉంది. అంతా విన్నది. "శనివారం ఎవ్వరితోని మనకు?" అని పక్కనున్న పిల్లను అడిగి, మళ్లీ ఆ ఉత్తరం మూలకు పోయింది.

పిడుగులను రైలెక్కించి ఇంటికి వచ్చేసరికి మా వాకిట్లో ముగ్గురు కొత్తవాళ్లు నిలబడి ఉన్నారు. పదకొండో గల్లీ నుంచి నడిచి వచ్చారట. ఒగ్గు కథ చెప్పేవాళ్లు. పెద్దాయన చేతిలో గుడ్డ చుట్టిన డోలు ఉంది. చాలా రోజుల నుంచి విప్పనట్టుంది, ముడులు బిగుసుకుపోయాయి.

"కథ ఎట్ల అయిపోతదో అందరికి ఎరుకనే గదా, మళ్ల మళ్ల చెప్పుడెందుకని మాకు గూడ గాలి బంద్ పెట్టిండ్రమ్మా," అన్నాడు. "నిన్న మీ అరుపు మా గల్లీ దాక వినవడ్డది. మీరేం జేసిండ్రో జర చెప్తవా?"

నేను వాళ్లకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. ఆఫీసులో ఎవరిని కలవాలో, ఏమని రాయించాలో, ముసలివాళ్లను ఎక్కడ పడుకోబెట్టాలో, దీపం పసుపైతే ఏం చేయాలో, అంతా చెప్పాను. పెద్దాయన తలూపుతూ విన్నాడు.

"ఎన్నడు చెప్తరు కథ?" అని అడిగాను.

"శుక్రవారం అనుకుంటున్నం. ఇండ్లు దొరకాలె గదమ్మా ముందుగాల."

"మా ఇల్లు రాసుకోండి," అన్నాను. "మా ఇల్లు మొదలు రాసుకొని, తర్వాత పక్కింటి తలుపు కొట్టుర్రి."